ఎన్ని పశువులు, ఎన్ని ఎకరాలు: పేడకు ఏ దారి పెట్టాలి?

"గోబర్ గ్యాస్ కట్టించుకోమంటారా, వానపాముల ఎరువు మొదలుపెట్టమంటారా, పాత పెంటగుంతే నయమా?" కొత్తగా పాడి పెట్టినవాళ్లు, పట్నం నుంచి తిరిగొచ్చి సాగు మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. నేను ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను. పశువులు ఎన్ని? భూమి ఎంత? పశువులు రోజులో ఎన్ని గంటలు కొట్టంలో ఉంటాయి? వీటికి జవాబు దొరికితే చాలాసార్లు ఎంపిక దానంతటదే తేలిపోతుంది.

ఈ లెక్క వేసుకోకుండా డబ్బు పెట్టినవాళ్లను చూశాను. రెండు గేదెలున్న ఇంట్లో నాలుగు గేదెలకు సరిపోయే గ్యాస్ ప్లాంటు కట్టారు. రెండేళ్లలో అది మూలపడింది. అదే ఊళ్లో ఇరవై గేదెల డెయిరీ వెనక రెండేళ్ల పెంట గుట్టగా పడి ఉంది, వానొచ్చినప్పుడల్లా ఆ నల్లనీళ్లు పక్క బావి వైపు పారుతున్నాయి. మధ్యలో ఐదెకరాల చెలక ఉన్న రైతు ఆ గుట్టను చూస్తూనే వెళ్లి యూరియా కోసం లైన్లో నిలబడుతున్నాడు. ఈ ముగ్గురి కష్టం ఒక్కటే. పశువుల సంఖ్యకూ ఎకరాలకూ జత కుదరలేదు.

ఒక గేదె ఏడాదికి ఎంత ఇస్తుంది

కట్టేసి మేపే గ్రేడెడ్ ముర్రా గేదె రోజుకు దాదాపు 15 కిలోల పచ్చి పేడ వేస్తుంది. సంకర జాతి ఆవు కూడా ఇంచుమించు అంతే, మేపు బాగుంటే ఇంకా ఎక్కువ. నాటు ఆవు 8 నుంచి 10 కిలోలు. పగలంతా బయట మేసే పశువు పేడలో సగం మీకు దక్కదు కాబట్టి దాన్ని సగం పశువుగానే లెక్కలోకి తీసుకోండి.

గేదె పేడ ఏడాదికి ఐదున్నర టన్నులవుతుంది. అందులో ఐదింట నాలుగు వంతులు నీళ్లే. తినగా మిగిలిన గడ్డి, చెత్త కలిపి మాగబెడితే చివరికి చేతికొచ్చేది రెండున్నర నుంచి మూడు టన్నుల పశువుల ఎరువు. బాగా మాగిన ఎరువు టన్నులో సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్ ఉంటాయి. అంటే ఒక గేదె నుంచి ఏడాదికి 13 నుంచి 15 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20.7 కిలోలు. నత్రజని ఒక్కటే చూస్తే గేదె ఏడాది పొడవునా వేసిన పేడ ముప్పావు బస్తా యూరియాకు కూడా సరిపోదు.

ఈ మాట విని నిరుత్సాహపడకండి. ఇక్కడ వదిలేసింది ఒకటుంది, మూత్రం. పశువు ఒంట్లోంచి బయటికొచ్చే నత్రజనిలో దాదాపు సగం, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే వెళ్తాయి. మూత్రంలో నత్రజని నూటికి 1 వంతు, పొటాష్ అంతకంటే కొంచెం ఎక్కువ. రోజుకు 8 లీటర్లు అనుకున్నా ఏడాదికి 29 కిలోల నత్రజని. పచ్చి పేడలో ఉండేది 22 కిలోలు. రెండూ కలిపితే గేదెకు ఏటా 50 కిలోలు. మన చేతికి ఎరువుగా మిగిలేది మాత్రం 13 కిలోలు. మిగిలింది కొట్టం నేలలోకి ఇంకుతుంది, అమ్మోనియాగా గాల్లో కలుస్తుంది. పొద్దున్నే కొట్టంలోకి అడుగుపెట్టగానే ముక్కును కొట్టే ఘాటు ఇదే.

అందుకే గ్యాస్ ప్లాంటు, వానపాముల ఎరువు (వర్మీ) బెడ్లు ఆలోచించకముందే కొట్టం నేల సరిచేయమని చెబుతాను. గచ్చు వేయించి, కొంచెం వాలు పెట్టి, చివర చిన్న గుంత తీస్తే చాలు. గచ్చు వేయించే స్తోమత లేకపోతే పశువు కింద ఎండుగడ్డి, వరి ఊక, వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు, ఏది దొరికితే అది పరిచి, తడిసినదాన్ని రోజూ పెంటగుంతలో వేయండి. నత్రజని ఎంతోకొంత పోయినా, మూడు గేదెల నుంచి నాలుగు గేదెల ఎరువు తీసినట్టే అవుతుంది. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. పిడకలు చేసి కాలిస్తే మాత్రం ఆ పేడలోని నత్రజని పూర్తిగా పోతుంది, బూడిదలో పొటాష్, భాస్వరం మాత్రమే మిగులుతాయి.

నా అంకెలు సగటువి. ఒక వారం మీ గంపను స్ప్రింగ్ త్రాసుకు తగిలించి తూచండి. మీ మేపు, మీ పశువు, మీ కొట్టం లెక్క వేరుగా రావచ్చు. తర్వాతి నిర్ణయాలన్నీ ఆ వారం అంకె మీదే నడుస్తాయి.

పొలం ఎంత అడుగుతుంది

వానాకాలం వరికి హెక్టారుకు 120-60-40 సిఫారసు తీసుకుందాం. ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 భాస్వరం, 16 పొటాష్. ఇదంతా పశువుల ఎరువుతోనే ఇవ్వాలంటే నత్రజని లెక్కన ఎకరాకు దాదాపు 10 టన్నులు కావాలి. అంటే ఒక పంటకు మూడున్నర గేదెలు. మన రైతుల్లో ఎక్కువమందికి అది కుదరని పని. అందుకే పంటకు ముందు ఎకరాకు 4 టన్నులు వేసి, మిగతాది రసాయన ఎరువుతో ఇవ్వమని చెబుతుంటారు. నాలుగు టన్నులంటే గేదెన్నర.

ఆ 4 టన్నుల్లో నత్రజని 20 కిలోలు ఉన్నా, మొదటి పంటకు అందేది మూడో వంతే, 6-7 కిలోలు. మిగిలింది నెమ్మదిగా తర్వాతి పంటలకు దక్కుతుంది. పొటాష్ అలా కాదు. 20 కిలోల్లో చాలా భాగం మొదటి పంటకే దొరుకుతుంది, వరికి కావలసింది 16 కిలోలే. ఏటా 4 టన్నులు పడే పొలంలో పొటాష్ బస్తా కొనేముందు మట్టి పరీక్ష ఫలితం ఒకసారి చూసుకోండి.

ఇంకో లెక్క మనసులో పెట్టుకోవాలి. యూరియా బస్తా సబ్సిడీ ధర సుమారు 266 రూపాయలు, డీఏపీ 1,350. ఈ ధరలతో పోలిస్తే టన్ను పశువుల ఎరువులోని నత్రజని విలువ 65 రూపాయల దగ్గర ఆగిపోతుంది. భాస్వరం, పొటాష్ కలిపినా నాలుగైదు వందలు దాటడం కష్టం. దూరం నుంచి ట్రాక్టర్ మీద తెప్పిస్తే కిరాయే అంతకంటే ఎక్కువవుతుంది. పశువుల ఎరువు అసలు విలువ అది మట్టికిచ్చే సేంద్రియ కర్బనంలో, జింకు లాంటి సూక్ష్మ పోషకాల్లో, నీటిని పట్టి ఉంచే గుణంలో ఉంది. మన నేలల్లో చాలావాటిలో సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేదు. ఆ లాభం ధరల్లో కనిపించదు, వాన ముఖం చాటేసినప్పుడు చేలో కనిపిస్తుంది. అయినా కిరాయి లెక్క మాత్రం మరిచిపోకూడదు. ఎరువు ఎంత దూరం వెళ్లాలి అన్నది ఏ పద్ధతి ఎంచుకోవాలో తేల్చే పెద్ద విషయం.

ఇక ఎకరాకు ఎన్ని పశువులన్న లెక్కన మూడు రకాల ఇళ్లు కనిపిస్తాయి. గొర్రెలుంటే పన్నెండు నుంచి పదిహేను కలిపి ఒక గేదె అనుకోండి.

ఎకరాకు ఒక పశువు కూడా లేని ఇల్లు

మనలో ఎక్కువమంది ఇక్కడే ఉన్నారు. ఎడ్ల స్థానంలో ట్రాక్టర్ వచ్చాక దొడ్లు ఖాళీ అయ్యాయి. ఐదెకరాలు, రెండు గేదెలు అనుకుందాం. ఏడాదికి 5 నుంచి 6 టన్నుల ఎరువు. దీన్ని ఐదెకరాల్లో పలుచగా చల్లితే ఎకరాకు టన్ను. ఏ ఎకరంలోనూ తేడా కనిపించదు. నా సలహా, ఏటా ఎకరంన్నరకు మాత్రమే నిండుగా వేయండి, వంతులవారీగా తిప్పండి. మూడు నాలుగేళ్లలో పొలమంతా ఒక చుట్టు వస్తుంది. నల్లరేగడి, చెలక రెండూ ఉంటే చెలకతో మొదలుపెట్టండి. నీటిని, పోషకాలను పట్టి ఉంచుకోలేని నేల అదే కాబట్టి ఎరువు ఫలితం అక్కడ త్వరగా తెలుస్తుంది. ఇంటి కూరగాయల మడి వంతుల్లో లేదు, దానికి ఏటా వేయాల్సిందే.

రెండు గేదెలకు నేను గ్యాస్ ప్లాంటు చెప్పను, వర్మీకంపోస్టు కూడా చెప్పను. గుంత చాలు. అయితే గుజరాత్‌లో ఆనంద్ దగ్గర జకారియాపుర అనే ఊరిని ఇక్కడ గుర్తుచేయాలి. అక్కడ రెండు మూడు పశువులున్న ఇళ్లు కూడా చిన్న ప్లాంట్లు పెట్టుకున్నాయి. గ్యాస్ పోగా మిగిలే పేడ నీళ్లను, అంటే స్లర్రీని, మహిళల సంఘం ద్వారా అమ్ముకునే ఏర్పాటు వాళ్లకుంది. అలాంటి ఏర్పాటు మీ ఊళ్లోనూ ఉంటే నా మాట మార్చుకుంటాను.

పశువులు తక్కువైనప్పుడు అందరూ వెళ్లేది జీవామృతం వైపు. ఒక ఆవుతో 30 ఎకరాలు సాగు చేయొచ్చని ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పిన మాట మన రైతుల్లో బాగా నాటుకుంది. ఇక్కడ నిదానంగా లెక్క చూద్దాం. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో కలిపేది 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. పేడలో నత్రజని 40 గ్రాములు, మూత్రంలో 50 నుంచి 100, పిండిలో 70 గ్రాముల దాకా. అంతా కలిపినా పావు కిలో రాదు. పొలం అడిగేది 48 కిలోలు. కాబట్టి జీవామృతాన్ని ఎరువు లెక్కలో రాసుకోకండి. అది తోడు లాంటిది. పాలుంటే తోడు వేస్తే పెరుగవుతుంది. ఇక్కడ పాలంటే మట్టిలో కలిపే ఆకు, అలము, గడ్డి, పచ్చిరొట్ట. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపించే ప్రకృతి వ్యవసాయంలో కూడా జీవామృతం ఒంటరిగా లేదు. వానలకు ముందే నవధాన్యాలు చల్లడం, నేలను ఏడాది పొడవునా పంటతో కప్పి ఉంచడం, నేల మీద గడ్డీ ఆకులూ పరిచే ఆచ్ఛాదన, జీవామృతాన్ని గట్టి రూపంలో చేసే ఘనజీవామృతం అన్నీ కలిసే ఉంటాయి. వాటిని వదిలేసి డ్రమ్ము ఒక్కటే పట్టుకున్నవాళ్లు రెండో ఏడు దిగుబడి పడిపోయిందని బాధపడటం నేను చూశాను. ఆ బాధ న్యాయమైనదే. వాళ్లకు సగం మాటే చెప్పారు.

తక్కువ పశువుల ఇంటికి నేను ముందు పెట్టే మందు పచ్చిరొట్ట. జీలుగ గానీ జనుము గానీ తొలకరికి చల్లి, పూత దశలో కలియదున్నితే ఎకరాకు 20 కిలోలకు పైగా నత్రజని నేలకు చేరుతుంది. నాలుగు టన్నుల పశువుల ఎరువులో ఉన్నంత. పైగా లేత రొట్ట త్వరగా కుళ్లుతుంది కాబట్టి నత్రజని కూడా త్వరగా అందుతుంది. ట్రాక్టర్ కిరాయి లేదు, మోత లేదు. కావలసింది నీళ్లు, నలభై ఐదు రోజుల ఖాళీ. ఆ రెండూ లేని మెట్ట రైతుకు ఇది కుదరదు.

మెట్ట రైతుకు కుదిరేది మంద. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచాయి. ఇంత పెద్ద ఎరువుల కంపెనీ కాళ్ల మీద నడిచి మన పొలానికి వస్తుంటే వాడుకోకపోవడం అన్యాయం. పంట కోశాక గొల్ల కురుమలతో మాట్లాడుకుని మందను రాత్రిళ్లు చేలో పడుకోబెడితే పెంటికలతోపాటు మూత్రం కూడా నేరుగా మట్టిలోకే పోతుంది. కొట్టంలో జరిగే నష్టం ఇక్కడ ఉండదు. నా ఉజ్జాయింపు ప్రకారం 300 గొర్రెల మంద ఎకరంలో వారం రాత్రులు పడుకుంటే 12 కిలోల దాకా నత్రజని పడుతుంది. మర్నాడే పైపైన దున్నితే అది నిలుస్తుంది. పది రోజులు ఎండకు వదిలేస్తే చాలా భాగం పోతుంది. గొర్రెలవాళ్లకు ఇచ్చే గింజలూ డబ్బూ బేరమాడేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి, వాళ్ల శ్రమను తక్కువ చేయకండి. ఎండల్లో ఊరూరా తిరిగే బతుకు అది.

20 గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్న యూనిట్ తెచ్చుకున్న ఇల్లు అయితే, ఆ మందే ఒకటిన్నర గేదెలతో సమానం. వంతులవారీగా మడి మారుస్తూ మీ చేలోనే కట్టుకోండి.

ఎకరాకు ఒకటి నుంచి రెండున్నర పశువులు

ఇక్కడ ఎరువు, పొలం దాదాపు సమానంగా తూగుతాయి. నిజమైన పోలిక అవసరమయ్యేది కూడా ఇక్కడే. మూడెకరాలు, ఐదు గేదెలు ఉన్న ఇంటిని తీసుకుందాం.

పెంటకుప్ప కాదు, గుంత. తేడా చాలా ఉంది. నేలమీద కుప్పపోస్తే ఎండకు నత్రజని, వానకు పొటాష్ పోతాయి. 20 నుంచి 25 అడుగుల పొడవు, 5-6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గుంత తీసి, ఒక చివర నుంచి నింపుకుంటూ రావాలి. ఆ భాగం నేలమట్టానికి అడుగున్నర, రెండడుగులు పైకి వచ్చాక గోపురంలా చేసి, పేడ మట్టితో మెత్తి, పక్క భాగం మొదలుపెట్టాలి. నాలుగైదు నెలల్లో మాగుతుంది. రెండు గుంతలుంటే ఒకటి నిండేలోపు ఇంకొకటి ఖాళీ అవుతుంది. ఖర్చు ఒక రోజు జేసీబీ. ఇంట్లో మనిషి ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు.

గోబర్ గ్యాస్ సంగతి వేరు. ఇంటికి సరిపోయే 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. గేదెకు 15 కిలోల చొప్పున నాలుగు గేదెలు. ఒకటి వట్టిపోయి అమ్మేసినా ప్లాంటు ఆకలితో ఉండకూడదు కాబట్టి ఐదు ఉంటే మేలు. నిండుగా నడిస్తే నెలకు రెండు సిలిండర్లకు దగ్గరగా గ్యాస్ రావచ్చు. చలికాలంలో, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు, తగ్గుతుంది. ఎరువు కోణం నుంచి చూస్తే గ్యాస్‌గా పోయేది కర్బనమే, నత్రజని, భాస్వరం, పొటాష్ స్లర్రీలో అలాగే ఉంటాయి. నత్రజనిలో కొంత వెంటనే అందే రూపంలోకి మారుతుంది కూడా. గుంతలో మాగబెట్టినప్పటి నష్టం తప్పుతుంది.

కానీ రోజూ వంద లీటర్ల పలుచటి స్లర్రీ బయటికొస్తుంది. పొలం ఇంటి వెనకే ఉంటే కాలువలోకి వదిలి నీటితో పారించొచ్చు, అంతకంటే సుఖం లేదు. పొలం రెండు కిలోమీటర్ల అవతల ఉంటే ఆ నీళ్లు మోయడం కంటే నరకం లేదు. చాలా ప్లాంట్లు ఆగిపోవడానికి కారణం గ్యాస్ తక్కువై కాదు, స్లర్రీని ఏం చేయాలో తెలియకే. అలాంటప్పుడు ప్లాంటు పక్కనే గుంత తీసి, ఎండాకులు, పత్తి కట్టె పొట్టు, వరిగడ్డి పొరలుగా వేసి దాని మీద స్లర్రీ పోయండి. గడ్డి పీల్చుకుంటుంది, మంచి కంపోస్టు తయారవుతుంది. దీనబంధు రకం ప్లాంటు 1984లోనే వచ్చింది, భూమిలో కట్టేస్తారు, తుప్పు పట్టే డ్రమ్ము లేదు. తాపీమేస్త్రీకి ఆ పని తెలిసి ఉండాలి. డోమ్‌లో సన్నటి పగులు వచ్చినా గ్యాస్ నిలవదు.

వానపాముల ఎరువు మూడోది. పేడను పదిహేను ఇరవై రోజులు చల్లారబెట్టి, నీడలో బెడ్ల మీద వేసి, తడి ఆరకుండా చూస్తే రెండు రెండున్నర నెలల్లో టన్ను ముడిసరుకు నుంచి అర టన్ను ఎరువు. నత్రజని 1.5 శాతం దాకా ఉంటుంది, పశువుల ఎరువు కంటే మూడు రెట్లు. చూడగానే ఇదే గెలిచినట్టనిపిస్తుంది. అయితే వానపాము మట్టిలో కొత్త నత్రజనిని పుట్టించదు, ఉన్నదాన్ని తక్కువ బరువులోకి తెస్తుంది. సొంత పొలానికే వేసుకునేవాళ్లకు వచ్చే అదనపు పోషకాలు చాలా కొద్ది. చీమలు, ఎలుకలు, కోళ్లు, ఎండాకాలం తడి, వీటి టెన్షన్ మాత్రం రోజూ ఉంటుంది. అమ్మకం ఉంటేనే దీని దారి వేరు. బరువు తగ్గింది కాబట్టి కిరాయి కలిసొస్తుంది, బస్తాల్లో నింపి దూరం పంపొచ్చు. కడియం నర్సరీల లాంటి కొనుగోలుదారులు, మామిడి తోటలు, మేడమీద కూరగాయలు పెంచే పట్నం ఇళ్లు అందుబాటులో ఉంటే పెట్టండి. లేకపోతే వద్దు.

నా ఎంపిక ఇలా ఉంటుంది. నాలుగైదు గేదెలు రోజంతా కట్టేసి ఉండి, నీళ్లకు కొరత లేక, పొలం దగ్గరుంటే గోబర్ గ్యాస్. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా గుంత. ఇంట్లో రోజూ గంటసేపు దాని మీద మనసు పెట్టే మనిషి, కొనేవాళ్లు ఇద్దరూ ఉంటే వర్మీ. పొగలో కళ్లు మండుతూ వంట చేసే ఆడవాళ్లు ఇంట్లో ఉంటే గ్యాస్ వైపు ఇంకో రెండు మార్కులు వేస్తాను.

ఎకరాకు రెండున్నర దాటితే

ఇక్కడి నుంచి ఎరువు సంపదగా కాక బరువుగా మారడం మొదలవుతుంది. దానికి కారణం దాణా. మీ చేలో గడ్డి తిని మీ చేలోనే పేడ వేసే పశువు పొలానికి కొత్తగా తెచ్చేదేమీ లేదు, ఉన్నదే తిప్పుతుంది. బయట కొన్న పత్తి చెక్క, తవుడు, మొక్కజొన్న దాణా తినే పశువు ఎవరి పొలంలోనో పండిన నత్రజనిని, భాస్వరాన్ని రోజూ మీ ఇంటికి దింపుతోంది. అవి ఎక్కడో ఒకచోటికి వెళ్లాలి. మూడెకరాల్లో ఇరవై గేదెలుంటే ఏడాదికి 54 టన్నుల ఎరువు. రెండు పంటలకు నాలుగేసి టన్నులు వేసినా పొలం తీసుకునేది 24 టన్నులు. మిగిలిన 30 టన్నులకు దారి చూపకుండా డెయిరీ పెడితే అది బావిలోకే దారి వెతుక్కుంటుంది.

తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. మించితే ముందు దెబ్బ తగిలేది డబ్బా పాలు తాగే పసిపిల్లలకు. ఆ నీళ్లతో పాలు కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ నీలంగా మారే జబ్బు వస్తుంది. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల బోరు నీళ్లలో నైట్రేటు ఇప్పటికే ఎక్కువగా ఉంది. యూరియా, మురుగు, పెంట దిబ్బలు అన్నింటికీ అందులో వాటా ఉంది.

యూరప్‌లో ఈ అనుభవం అయ్యాకే 1991లో నైట్రేట్ల చట్టం తెచ్చారు. నీటికి ముప్పున్న ప్రాంతాల్లో పశువుల ఎరువు ద్వారా హెక్టారుకు ఏడాదికి 170 కిలోల నత్రజని మించకూడదు. ఎకరాకు 69 కిలోలు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో వెయ్యి పౌన్ల బరువును ఒక పశు యూనిట్‌గా తీసుకుని, ఎకరాకు రెండు యూనిట్లు దాటిన ఫారాలు పోషక నిర్వహణ ప్రణాళిక రాయించి ఆమోదం తీసుకోవాలన్నారు. చెసపీక్ బే అనే అఖాతం నీళ్లు పాడైన తర్వాత వచ్చిన జాగ్రత్త అది. కొట్టం నేల సరిచేసి, మూత్రాన్నీ పట్టుకుని, మన గేదె ఇచ్చే 50 కిలోల్లో సగానికి పైగా, 27 కిలోలు, పొలానికి చేరుతుందనుకుంటే యూరప్ హద్దు ప్రకారం ఎకరాకు రెండున్నర గేదెలు. నేను పైన పెట్టిన గీత అక్కడి నుంచి వచ్చిందే. మన రైతుకు ఎవరూ అలా హెక్టారు లెక్కన హద్దు గీయలేదు. అయినా తాగే నీళ్లు మనవే కాబట్టి మనమే గీసుకోవడం మంచిది.

ఈ గీత దాటిన డెయిరీకి మూడు పనులు. మొదటిది, ఉన్న భూమిలో నేపియర్ లాంటి పశుగ్రాసం పెంచడం. ఏడాదికి ఎన్నో కోతలు ఇచ్చే పంట కాబట్టి వరి కంటే చాలా ఎక్కువ పోషకాలు లాగుతుంది, దాణా ఖర్చూ కొంత తగ్గుతుంది. రెండోది, పెద్ద గ్యాస్ ప్లాంటు, స్లర్రీలో గట్టి భాగాన్ని వేరుచేసి ఆరబెట్టి అమ్మడం. మూడోది అన్నిటికంటే తేలిక, అందరూ వదిలేసేది: చుట్టుపక్కల రైతులతో ఒప్పందం. గడ్డి వాళ్లది, పెంట మీది. వరి కోతలప్పుడు వాళ్ల గడ్డి తెచ్చుకుని, ఎండాకాలంలో వాళ్ల చేలోకి ఎరువు తోలండి. గడ్డి తెచ్చే ట్రాక్టర్ ఖాళీగా వెళ్లకుండా ఎరువుతో వెళ్తే కిరాయి సగమవుతుంది. మొదట్లో చెప్పిన ఆ డెయిరీకి, ఆ ఐదెకరాల రైతుకి మధ్య ఉన్నది అర కిలోమీటరే.

కోళ్ల ఫారం లెక్క వేరు

కోడి ఎరువులో నత్రజని 3 శాతం, భాస్వరం 2.6, పొటాష్ 1.4. పశువుల ఎరువు కంటే నత్రజని ఆరు రెట్లు, భాస్వరం పదమూడు రెట్లు. ఈ రెండో అంకె దగ్గర ఆగి చూడాలి.

5,000 బ్రాయిలర్ల షెడ్డు నుంచి బ్యాచ్‌కు 6 టన్నుల లిట్టర్ (కింద పరిచిన ఊక, కోడి పెంట కలిసినది) అనుకుంటే, ఆరు బ్యాచ్‌లకు 36 టన్నులు. నత్రజని 1,080 కిలోలు. రెండు వరి పంటలకు ఎకరాకు 96 కిలోల చొప్పున పదకొండు ఎకరాలకు సరిపోతుంది. అదే భాస్వరం చూస్తే 936 కిలోలు, ఎకరాకు 48 చొప్పున పంతొమ్మిది ఇరవై ఎకరాలు కావాలి. నత్రజని చూసుకుని పదకొండు ఎకరాల్లోనే ఏటా వేస్తే భాస్వరం అవసరానికి దాదాపు రెట్టింపు పడుతుంది. అది నేలలో పేరుకుంటుంది, మొక్కకు జింకు అందకుండా అడ్డుపడుతుంది, చెరువులోకి కొట్టుకుపోతే నాచు పెరుగుతుంది. డీఏపీ వాడకంతో ఇప్పటికే భాస్వరం పేరుకున్న పొలాలు మనకు చాలా ఉన్నాయి. అందుకే కోడి ఎరువును భాస్వరం లెక్కతోనే వేయండి, తక్కువపడే నత్రజనికి యూరియా వాడండి. ఆ పొలంలో డీఏపీ పూర్తిగా మానేయొచ్చు, ఎకరాకు ఒక బస్తా 1,350 మిగిలినట్టే.

పచ్చి లిట్టర్ నేరుగా వేయకండి. మా మిరప తోటలో ఒక ఏడాది ఆ తొందరే పడ్డాం. అమ్మినవాళ్లు మాగిందని చెప్పారు, మేం చెయ్యి పెట్టి చూడలేదు. వారంలో వరుసలకు వరుసలు మాడిపోయాయి. ఇప్పుడు లోడు దిగగానే కుప్ప మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెడతాం. వేడిగా తగిలినా, అమ్మోనియా ఘాటు కొట్టినా, తడిపి, తిరగేసి, రెండు నెలలు పక్కన పెడతాం. ఫారం పెట్టేవాళ్లయితే 5,000 కోళ్లు దాటితే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల పరిధిలోకి వస్తారని గుర్తుంచుకుని, షెడ్డు కట్టేముందే లిట్టర్ ఎవరు తీసుకెళ్తారో రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. తర్వాత ఈగల గురించి ఊరితో గొడవ పడటం కంటే అది నయం.

తోలే రోజు

ఏ దారి ఎంచుకున్నా చివరి మైలులో పోయేది ఎక్కువ. రోహిణిలో ఎరువు తోలి, చేలో చిన్న చిన్న కుప్పలు పోసి, వాన పడ్డాక చల్లుదామని నెల రోజులు వదిలేస్తాం. ఆ ఎండకు మిగిలిన నత్రజని కూడా ఎగిరిపోతుంది. కుప్ప ఉన్నచోట మొక్క నల్లగా ఏపుగా, మిగతా చేను పాలిపోయి కనిపించడం అందరం చూసిందే. తోలిన రోజే చిమ్మి, ఆ సాయంత్రమే గుంటక పాయించండి. రెండూ ఒకేరోజు కుదరకపోతే తోలడమే వాయిదా వేయండి. గుంతలో, మట్టి మెత్తు కింద అది ఇంకో పదిహేను రోజులు భద్రంగా ఉంటుంది.

పశువుల సంఖ్య ఏడాదిలో మారుతూనే ఉంటుంది. దూడలు పెరుగుతాయి, వట్టిపోయినవి సంతకు పోతాయి. ఏరువాకకు ముందు ఒకసారి కొట్టంలో తలలు లెక్కపెట్టి, ఆ వారం పేడ మళ్లీ తూచి, ఏ మడికి ఎన్ని ట్రక్కులో పాత నోటుబుక్కులో రాసుకోండి. ట్రక్కు ఎన్ని టన్నులు పడుతుందో వే బ్రిడ్జి మీద ఒక్కసారి తూయిస్తే చాలు, తర్వాత ట్రిప్పులు లెక్కపెట్టుకోవచ్చు.